పిల్లలతో ఓరుగల్లు కోటలో ఒక దినము



మీ ఊరి పిల్లలకు ఓరుగల్లు కోట చూపవలెనని తలంచుచున్నారా? మంచి తలంపు. అయితే బండి మాట్లాడుటకు ముందు, పులిహోరకు చింతపండు నానవేయుటకు ముందు, ఈ నాలుగు మాటలు చదువుడు. ఈ పని నేను ఒకమారు చెడగొట్టి, మరియొకమారు చేసి నేర్చుకొన్నవాడను.

కొన్ని ఏండ్ల క్రిందట మా సండే స్కూలు పిల్లలు ముప్పదిమందికి పైగా, పెద్దలము ఆరుగురము, రెండు బండ్లలో బయలుదేరితిమి. నా జేబులో ఒక కాగితమున్నది. ఉదయము హనుమకొండలో వేయిస్తంభముల గుడి, అటుపిమ్మట భద్రకాళి చెరువు, తరువాత కోట, భోజనము పాకాల కట్టమీద, మధ్యాహ్నము రామప్ప, సాయంకాలము లక్నవరము. గంటలు, నిమిషములతో సహా వ్రాసితిని. ఎంత చక్కగా వ్రాసితినని రాత్రి నా ఇల్లాలికి చదివి వినిపించితిని కూడ. ఆమె, "వీటిలో పిల్లలు ఉచ్చకు పోయే టైము యాడ రాసిన్రు?" అని మాత్రము అడిగి దీపమార్పెను.

జరిగినదేమనగా, కోటలో మేము నిలిచినది ముప్పావుగంట. తోరణముల యెదుట ఒక ఫోటో. పాకాల చేరువరకు అన్నము పులిసెను. మలుపుల దారిలో ఐదుగురు పిల్లలు వాంతి చేసికొనిరి. రామప్ప చేరునప్పటికి పొద్దుగూకెను, మూయువేళ అయినదని అక్కడివారు చెప్పిరి. లక్నవరము మేము చూడనే లేదు. నడిరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరితిమి. వచ్చిన ఆదివారము సండే స్కూలులో, "ఏమేమి చూచితిరి?" అని అడిగితిని. ఒకడు ఐసుక్రీము అనెను. ఒకడు కోతులనెను. తొమ్మిదేండ్ల పాప యొకతె చాలసేపు ఊరకుండి ఇట్లడిగెను: "అయ్యగారూ, అంత పెద్ద గోడ కట్టినప్పుడు మనోళ్లు యాడ ఉన్నరు?"

నాకు జవాబు రాలేదు. సెమినరీలో యూదుల రాజుల చరిత్ర చదివితిని, రోము చక్రవర్తుల పేర్లు వరుసగా చెప్పగలను. యెరూషలేము గోడను నెహెమ్యా ఎవరెవరిచేత ఏ భాగము కట్టించెనో మా పిల్లలకు నేనే నేర్పితిని. మా ఇంటికి రైలులో గంట దూరమున నున్న గోడ ఎవరి చేతులు కట్టెనో ఆ పాపకు చెప్పలేకపోయితిని.

ఆ తరువాత మా సంఘ పెద్ద యొకరు వేరొక మాట తెచ్చిరి. "అవన్నీ గుళ్లు, రాజుల కోటలు. మన పిల్లలకు వాటితో ఏమి పని? ఊరి చివర ఉండేటోళ్లను ఆ రాజులు ఏనాడన్నా లోపలికి రానిచ్చిన్రా?" అని. ఆయన కోపముతో పలుకలేదు. ఆయన తాత దొరగడిలో వెట్టిచాకిరి చేసినవాడు. ఈ మాటను నేను తేలికగా తీసివేయను, మీరును తీసివేయవద్దు. మీ సంఘములోను ఎవరో ఒకరు ఈ మాట అందురు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణమున తిరిగి అక్కడి బలిపీఠములను కన్నులు తెరచి చూచెనని, చూచినందుననే ఆ పట్టణస్థులతో మాటలాడగలిగెనని ఆయనతో అంటిని. యొర్దాను దాటిన తరువాత యెహోషువ పండ్రెండు రాళ్లు నిలిపించినది, పిల్లలు వాటిని గూర్చి అడుగుదురని, అడిగినప్పుడు పెద్దలు చెప్పవలెనని గదా. ఆయన నవ్వి, "అవి మన రాళ్లు అయ్యగారూ" అనెను. ఇవియు మనవేనని చూపవలెనన్న పంతము నాకు అప్పుడు పుట్టినది.

రెండవమారు పోవుటకు ముందు ఒక ఏడాది చదివితిని. చదివినదానిలో పిల్లలకు పనికివచ్చునది మీకు చెప్పుదును.

మొదట లెక్కకు రావలసినది చెరువు, కోట కాదు. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరులో వేరు జిల్లాలయ్యెను గాని అంతకు ముందు చాలవరకు వరంగల్లు జిల్లాలోనివే. ఈ నేలలో పెద్ద నది పారు ఊళ్లు కొన్నియే. కాకతీయులు ఇక్కడ రాజ్యము నిలుపుకొన్నది వాన నీటిని కట్టవేసి నిలిపినందువలన. గణపతిదేవుడు 1199 నుండి అరువదేండ్లకు పైగా ఏలెను. పాకాల ఆయన కాలపుదే. రామప్ప చెరువును, దాని చెంతనున్న గుడిని ఆయన సేనాపతియగు రేచర్ల రుద్రుడు కట్టించెను. గుడి శాసనమునకు 1213వ సంవత్సరము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు గణపతిదేవుని సహోదరి మైలాంబ త్రవ్వించినది. అక్కడి శాసనములో కాకతీయుల పూర్వుల పేర్లు వరుసగా ఉన్నందున చరిత్రకారులకు అది ఎంతో విలువైనది. భూపాలపల్లి వారికి గణపురము చెరువు, దాని సమీపమున కోటగుళ్లు ఉన్నవి. ఏడెనిమిది వందల ఏండ్ల తరువాత ఈ చెరువుల క్రింద ఇప్పటికిని నాట్లు పడుచున్నవి. మీ పిల్లల కంచములోని అన్నము వాటి నీటితో పండినదై యుండవచ్చును.

కాబట్టి ప్రయాణమునకు వారము ముందు పిల్లలను మీ ఊరి చెరువు కట్టమీదికి నడిపించుడు. తూము ఎక్కడనున్నది, అలుగు ఎటు పారును, కట్ట లోపలి వైపున రాళ్లు ఎందుకు పరచిరి, ఇవన్నియు ఊరిలో నీరటి పని చేసిన ముసలివారెవరైన ఉంటే వారిచేత చెప్పించుడు. ఖర్చు లేదు. ఇది చూచిన పిల్లవాడు కోటలోని మట్టిగోడను చూచి దిబ్బ అనడు.

ఇక ఏ ఊరివారు ఎటు పోవలెను? జనగామ వారికి, మహబూబాబాదు వారికి రైలున్నది. వారు వేరు వేరు దిక్కుల నుండి వచ్చినను ఇంచుమించు గంట ప్రయాణములో వరంగల్లు స్టేషనులో దిగుదురు. అక్కడి నుండి కోటకు ఆటోలు దొరకును, దూరము తక్కువ. రైలులో పిల్లలు లేచి తిరుగవచ్చును, వాంతులుండవు. భూపాలపల్లికి రైలు లేదు. అక్కడివారు పరకాల మీదుగా బస్సులో రావలెను, రెండు గంటలకు తక్కువ పట్టదు. చిన్నపిల్లలు ఎక్కువగా నుంటే భూపాలపల్లివారు కోట మాట మరియొక ఏటికి ఉంచి, గణపురము కోటగుళ్లు, పాలంపేట రామప్ప, ఈ రెండింటితో దినము గడుపుట మేలని నా అభిప్రాయము. రామప్ప గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చిరి. శిఖరమునకు వాడిన ఇటుక నీటిపై తేలునంత తేలికయని, పునాది క్రింద ఇసుక నింపిరని పిల్లలకు చెప్పుడు. ఆ గుడికి కట్టించిన సేనాపతి పేరు గాక శిల్పి పేరు నిలిచినదని జనులు చెప్పుకొందురు. మా పాప అడిగిన ప్రశ్నకు ఆ మాట కొంత దగ్గరగా వచ్చును.

దినము ఏది? ఆదివారము కుదరదు, అది మీకు తెలియును. రెండవ శనివారము బడులకు సెలవు గనుక అది తగినది. నవంబరు చివరి నుండి జనవరి వరకు ఎండ తక్కువ. ఫిబ్రవరి దాటిన తరువాత ఆ రాళ్లమీద పిల్లలను నడిపించవద్దు. కోటను కేంద్ర పురావస్తు శాఖవారు కాపాడుచున్నారు. పదునైదేండ్లలోపు పిల్లలకు ఆ శాఖవారు టిక్కెట్టు తీసికొనరు గనుక పెద్దలకు మాత్రము పైకము పట్టుకొనుడు. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున ఉండవలెను. ఆడపిల్లలతో ఇద్దరు తల్లులైన తప్పక రావలెను. పేర్ల పట్టీ రెండు ప్రతులు వ్రాసి వేరు వేరు మనుష్యుల యొద్ద ఉంచుడు. ప్రతి పిల్లవాని చొక్కా జేబులో తండ్రి ఫోను నంబరు వ్రాసిన చీటీ వేయుడు. సద్ది ఎవరిది వారే తెచ్చుకొనవలెను. సంఘము తరపున వండించితిమా, ఆ వంట దగ్గరనే సగము దినము పోవును. పెరుగన్నము వద్దు, పులిహోర గాని రొట్టెలు గాని మేలు. నీళ్ల క్యానులు రెండు.

కోటకు తొమ్మిది గంటలకు చేరుడు. చేరిన వెంటనే అందరును తోరణముల యొద్దకు పరుగెత్తుదురు. వద్దు. ముందు మట్టిగోడ చూపుడు.

కోటకు ఒకదానిలోపల ఒకటిగా వలయములున్నవి. లోపలిది రాతిగోడ. దానికి వెలుపల మట్టిగోడ, అడ్డముగా కొలిచిన సుమారు రెండున్నర కిలోమీటర్లు వచ్చును. దానికిని వెలుపల చాల దూరమున మరియొక మట్టికట్ట ఉండెడిది. వీటి పని గణపతిదేవుని నాడు సాగెను, ఆయన కుమార్తె రుద్రమదేవి దానిని పూర్తిచేయించి గోడ ఎత్తు పెంచెను. ఇప్పుడు ఆ మట్టిగోడమీద గడ్డి, తుమ్మచెట్లు. చూచుటకేమున్నదని పెద్దలందురు. 1310లో మాలిక్ కాఫూరు ఢిల్లీ సైన్యముతో వచ్చి ముట్టడించినప్పుడు ఆ సైన్యమునకు పెద్ద చిక్కు తెచ్చినది ఈ మట్టియే. ఢిల్లీ సుల్తాను కొలువులోని కవి అమీర్ ఖుస్రో ఆ దండయాత్రను వర్ణించి వ్రాసెను. ఉక్కు బల్లెము ఈ మట్టిలో దిగదని, రాళ్లు విసరు యంత్రముతో కొట్టినను ఆ రాయి పిల్లలు ఆడుకొను కాయవలె ఎగిరి వెనుకకు వచ్చునని ఆయన చెప్పిన మాటల భావము. శత్రువుల కవి ఒప్పుకొన్న మాట గనుక దీనికి విలువ ఎక్కువ. ఈ మాట అక్కడ నిలిచి చెప్పుడు. మా పిల్లలు వెంటనే మట్టిబెడ్డలు తీసికొని గోడకు విసరి చూచిరి. నేను ఆపలేదు. పెద్దలు కొందరు నన్ను వింతగా చూచిరి.

ఇక్కడనే ఆ పాప ప్రశ్నకు జవాబున్నది. ఈ మట్టిని రాజు మోయలేదు, సేనాపతి మోయలేదు. ఏండ్ల తరబడి వేలమంది త్రవ్విరి, తట్టలకెత్తిరి, పోసిరి, నీళ్లు చల్లి దిమ్మెస కొట్టిరి. మన్ను త్రవ్వువారు, రాయి కొట్టువారు, బండ్లు తోలువారు, తోలుతో మోటలు పట్టెడలు కుట్టువారు, గంజి కాచి పోయువారు లేక ఇంత గోడ లేవదు. వారి పేర్లు శాసనములలో వెదకితిని. దానము చేసినవాని పేరున్నది, అతని తండ్రి తాతల పేర్లున్నవి, దానమునకు అడ్డుపడినవానికి శాపమున్నది. తట్ట మోసినవాని పేరు నాకు కనబడలేదు. అయినను ఆ పని నేటికిని ఎవరు చేయుచున్నారో మనకు తెలియును. మన సంఘములలో మట్టిపనికి పోని ఇల్లు ఎన్ని? పిల్లలతో నేను ఇంతే అంటిని: "మనవారు లోపల మేడలలో లేరు. ఈ గోడలో ఉన్నారు." గోడను కట్టినవారికి గోడలోపల చోటు దొరకకపోయినది అన్యాయమే. దానిని కప్పిపుచ్చి రాజుల గొప్ప మాత్రము చెప్పితిమా, పిల్లలు మన కంటె తెలివిగలవారు, నమ్మరు.

అటుపిమ్మట రాతిగోడ. దానికి నలుబదియైదు బురుజులందురు. పెద్ద పిల్లలకు ఆ పని అప్పగించుడు, ఎన్ని లెక్కపెట్టగలరో చూడవచ్చును. బండలను సున్నము లేకుండ ఒకదానిపై నొకటి పేర్చిరి. సందులో వ్రేలు దూరునా అని చూడుమనుడు. ద్వారములో దారి సూటిగా పోక మలుపు తిరుగును. ఎందుకని అడుగుడు, వెంటనే చెప్పకుడు. మా మారు ఏడవ తరగతి పిల్లవాడొకడు, "ఏనుగు ఉరికొస్తే మలుపుకాడ ఆగాలె" అని తానే చెప్పెను. పుస్తకములలోను అదే ఉన్నది.

రుద్రమదేవి కథను ద్వారము నీడన కూర్చుండి చెప్పుడు. గణపతిదేవునికి కుమారులు లేకపోయినందున కుమార్తెకు రాజ్యమప్పగించెను. శాసనములలో ఆమెను రుద్రదేవ మహారాజని పురుషుని పేరుతో పిలిచిరి. ఆడది ఏలుటను ఒప్పని సామంతులు తిరుగబడగా ఆమె వారితో పోరాడవలసి వచ్చెను. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరకిన 1289 నవంబరు శాసనమువలన ఆమె అప్పటికే చనిపోయెనని, సేనాని మల్లికార్జున నాయకుడును ఆమెతో మరణించెనని తెలియుచున్నది. అప్పటికి ఆమె ముసలిది. ఆడపిల్లలు ఈ కథను ఊపిరి బిగబట్టి విందురు. మగపిల్లలు కొంచెము కదలుదురు, వారికి వజ్రముల కథ ఉన్నది.

ఆ కథ ఇటలీ దేశము నుండి వచ్చినది. వెనిస్ పట్టణపు వర్తకుడు మార్కో పోలో చీనా దేశమున చాల కాలముండి, 1295లో ఇల్లు చేరి, తరువాత జెనోవా వారికి ఖైదీగా చిక్కి, 1298 ప్రాంతమున చెరసాలలో తోటి ఖైదీకి తన యాత్రలు చెప్పి వ్రాయించెను. అందులో ముత్ఫిలి యను రాజ్యమున్నది. అది మన మోటుపల్లి రేవు పేరే. ఆ రాజ్యమును ఒక రాణి భర్త చనిపోయిన తరువాత నలువది ఏండ్లుగా న్యాయముగా ఏలుచున్నదని, ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమించుచున్నారని చెప్పెను. ఆమె రాజు భార్య కాదు, కుమార్తె. ఆ సంగతి ఆయన తప్పుగా వినెను. అక్కడి పలుచని వస్త్రము సాలెగూటివలె నుండునని, అక్కడి గొఱ్ఱెలు లోకములో అన్నిటికంటె పెద్దవని కూడ చెప్పెను. గొల్లకురుమల ఊళ్ల నుండి వచ్చిన పిల్లలు ఇక్కడ నవ్వుదురు. వజ్రములు పాములున్న లోయలలో ఉండునట. జనులు మాంసపు ముక్కలు లోయలోనికి విసరుదురట. వాటికి వజ్రములంటుకొనగా గ్రద్దలు పైకి తెచ్చునట. ఇది కథయే గాని చరిత్ర కాదని చెప్పి మరీ చెప్పుడు.

ఒక జాగ్రత్త. రామప్ప గుడిని నక్షత్రముతో పోల్చి మార్కో పోలో పొగడెనని చాలమంది చెప్పుదురు, అచ్చులో కూడ చూచితిని. ముత్ఫిలి రాజ్యమును గూర్చిన ఆయన అధ్యాయములో ఏ గుడి మాటయు లేదు. మన ఊరిని పొగడు మాటయైనను, లేనిది ఉన్నదని పిల్లలకు చెప్పరాదు. మోటుపల్లి రేవును గూర్చి చెప్పుటకు నిజమైన సంగతి దానికంటె మంచిదున్నది. ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన సరకును పూర్వపు రాజులు లాగుకొనెడివారు. గణపతిదేవుడు 1244లో శాసనము వేయించి, న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని పరదేశి వర్తకులకు అభయమిచ్చెను.

భోజనమైన తరువాత తోరణములు చూడుడు. నాలుగు దిక్కుల నాలుగు, సుమారు ముప్పది అడుగుల ఎత్తు, తలుపులు లేని వాకిండ్లవలె నిలిచియున్నవి. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు రాష్ట్ర చిహ్నములో ఉంచినది ఈ తోరణమునే. వాటి నడుమ స్వయంభూ శివుని గుడి ఉండెడిది. ఇప్పుడు స్తంభములు, దూలములు, చెక్కిన రాళ్లు నేలమీద వరుసలుగా పడియున్నవి. పిల్లలు "ఎవరు కూలగొట్టిన్రు?" అని తప్పక అడుగుదురు. ఇక్కడ మన నోటిని మనము కాచుకొనవలెను. 1303లో ఢిల్లీ సేనలు మొదట వచ్చి ఓడిపోయినవి. 1310లో కప్పము తీసికొని మరలిపోయినవి. 1321లో ఉలుగ్ ఖాను వచ్చి ముట్టడించుచుండగా సుల్తాను చనిపోయెనని పుకారు పుట్టి సైన్యము చెదరి వెనుదిరిగెను. 1323లో ఆయన మరల వచ్చి కోటను పట్టుకొనెను. ప్రతాపరుద్రుని ఢిల్లీకి తీసికొనిపోవుచుండగా దారిలో నర్మదా తీరమున మరణించెనని తరువాతి శాసనము చెప్పుచున్నది. పట్టణము పేరు సుల్తానుపురమని మార్చిరి. జరిగినది జరిగినట్లు చెప్పుడు. అయితే మన బడిలో ఆ పిల్లల ప్రక్కన కూర్చుండు రహీముకును దానికిని సంబంధము లేదని కూడ అదే ఊపిరిలో చెప్పుడు. కాకతీయులును పొరుగు రాజ్యములను కొల్లగొట్టినవారే. యుద్ధమున కాలినది ఎవరి గుడిసెయో ఏ పక్షపు కవియు వ్రాయలేదు.

తోరణముల సమీపమున ఖుషుమహలు ఉన్నది. తరువాతి పాలకుల దర్బారు. అది చల్లగా నుండును, చిన్నపిల్లలను కొంతసేపు అక్కడ కూర్చుండబెట్టవచ్చును. పెద్ద పిల్లలు ఈలోగా ఏకశిల గుట్ట ఎక్కుదురు. ఆ ఒంటిరాయి వలననే ఊరికి ఓరుగల్లని పేరు. పైనుండి చూచిన వలయములన్నియు తెలియును. లోపల ఇండ్లు, పొలములు, ఊరు ఊరంత ఇప్పటికిని ఉన్నది.

మూడు గంటలకు చాలించుడు. వేయిస్తంభముల గుడికి పోదమని ఎవరో ఒకరు ఒత్తిడి చేయుదురు. 1163లో రుద్రదేవుడు వేయించిన శాసనము అక్కడ ఉన్నది, చూడదగినదే, నేను కాదనను. అది వచ్చే ఏటికి.

మా రెండవ ప్రయాణమున ఆ పాపయు వచ్చెను. అప్పటికి పదకొండేండ్లు. వెనుకటి సంఘ పెద్ద కూడ, "చూద్దాం పదండి" అని కర్ర పట్టుకొని వచ్చెను. మట్టిగోడ మీదికి ఆయనను ఇద్దరు పిల్లలు చేతులు పట్టి ఎక్కించిరి. ఆయన వంగి మన్ను పిడికెడు తీసికొని నలిపి చూచి, "ఇది చౌడు కాదు, మంచి ఎర్రమట్టి. గట్టిగ కొట్టిన్రు" అనెను. పాప ఆయన ప్రక్కన నిలిచి, "మా నాయిన చెరువు కట్టకు పోసిన మట్టి గిట్లనే ఉంటది" అనెను. సద్దులు తోరణముల యొద్ద తినవలెనని నా కాగితములో వ్రాసియుంటిని. వారిద్దరును ఇక్కడనే తిందమనిరి. అందరమును గోడమీద వరుసగా కూర్చుండి తింటిమి.

తిరిగివచ్చునప్పుడు స్టేషనులో లెక్కపెట్టగా ఒకడు తక్కువ వచ్చెను. చెక్కిన రాతిముక్క యొకటి నిక్కరు జేబులో వేసికొని, అది బరువై వెనుకబడియుండెను. రాయిని తిరిగి ఇచ్చివచ్చుటకు ఒక ఉపాధ్యాయునితో వానిని ఆటోలో కోటకు పంపితిమి. ఐదు గంటల బండి తప్పిపోయినది. తరువాతి బండి వచ్చువరకు పిల్లలు ప్లాటుఫారముమీద బురుజుల లెక్క గురించి పోట్లాడుచుండిరి. ఒకడు నలుబది మూడనెను, ఒకడు నలుబదియారనెను.